కాకేబో ఖర్చుల పుస్తకం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కాకేబో యాప్ కాదు, ఇంటి జమాఖర్చులు చేత్తో రాసుకునే పుస్తకం. జపాన్‌లో హనీ మొతోకో అనే పాత్రికేయురాలు 1904లో దీన్ని తయారుచేశారు. ఇప్పుడు అందమైన అట్టలతో అచ్చు పుస్తకాలు కూడా అమ్ముతున్నారు గానీ, నేను వాడేది మామూలు నోట్‌బుక్కే. స్కేలు పెట్టి గడులు గీసుకుంటాను. పొదుపు కోసమని చెప్పి ముందే ఒక ఖర్చు పెట్టడం ఎందుకు?

పద్ధతి తేలికే. నెల మొదట్లో చేతికొచ్చే ఆదాయం రాసి, అద్దె, ఈఎంఐల్లాంటి తప్పని చెల్లింపులు తీసేయాలి. ఈ నెల ఎంత దాచాలో అప్పుడే పక్కన పెట్టేయాలి, నెలాఖరున ఏమైనా మిగిలితే చూద్దామనుకుంటే కాదు. ఆ మిగతాది వారాలకు పంచుకుని, ప్రతి ఖర్చునీ నాలుగు పద్దుల్లో ఒకదాని కింద రాయాలి: అవసరాలు, సరదాలు, పుస్తకాలూ కళల్లాంటివి, అనుకోనివి. మూడో పద్దు మా ఇంట్లో చాలా నెలలు ఖాళీగానే ఉంటుంది. అదీ ఒక సమాచారమే!

యాప్‌లూ వాడాను. బ్యాంకు మెసేజ్‌లు చదివి అవే లెక్క కట్టేస్తాయి, నెలాఖరుకి రంగురంగుల చక్రం చూపిస్తాయి. చూసి, అబ్బో అనుకుని, ఫోను పక్కన పడేస్తాం. చేత్తో రాస్తే అలా తప్పించుకోలేం. ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ప్రచురించిన ఒక ప్రయోగంలో బాస్కెట్‌బాల్ టికెట్లను వేలం పెట్టారు. కార్డుతో కట్టాలని చెప్పినవాళ్లు, నగదు కట్టాలన్నవాళ్ల కంటే సగటున రెట్టింపు పాడారు. నోటు చేయి దాటుతుంటే కలిగే బాధ కార్డు గీకితే కలగదు మరి. రాత్రి కూర్చుని రాసేటప్పుడు ఆ బాధ కాస్త ఆలస్యంగానైనా తగులుతుంది. మర్నాడు కొనాల్సినవాటిలో ఒకటో రెండో తగ్గుతాయి.

నాకు అసలు ఉపయోగం కనిపించింది మాత్రం నాలుగో పద్దులో. ఒక నెల 'అనుకోనివి' గడి నిండిపోయి మార్జిన్‌లోకి పాకింది. బండి ఇన్సూరెన్స్, పిల్లల ఫీజు రెండో విడత, వాటర్ ఫిల్టర్ సర్వీసింగ్, కళ్లజోడు. మావారు పేజీ చూసి, "ఇందులో అనుకోనిది కళ్లజోడు ఒక్కటే కదా" అన్నారు. నిజమే. మిగతావన్నీ ఏటా అదే నెలలో వచ్చేవే. నెలవారీ జీతంతో బతికే ఇల్లు ఏడాదికోసారి వచ్చే ఖర్చును మరిచిపోతుంది, అది వచ్చిన రోజున కార్డు బయటికి తీస్తుంది.

అప్పటినుంచి నోట్‌బుక్ చివరి పేజీలో అలాంటివన్నీ, ఏ నెలలో కట్టాలో సహా, రాస్తున్నాం. మొత్తాన్ని 12తో భాగిస్తే వచ్చేది జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లిపోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మొదటి ఏడాది 12తో భాగిస్తే సరిపోదు. మూడు నెలల్లో ప్రీమియం ఉంటే దాన్ని మూడుతోనే భాగించాలి. అందుకని మొదటి ఏడాది బిగువుగా గడుస్తుంది, రెండో ఏడాదికి ఊపిరాడుతుంది. పండగ నెలలంటే టెన్షన్ పోయింది ఈ ఒక్క పేజీ వల్లే. అసలు పద్ధతిలో ఇది లేదు, మేం అతికించుకున్నదే.

లోపాలూ ఉన్నాయి. అప్పు విషయంలో ఈ పుస్తకం మోసపుచ్చుతుంది. కార్డుకి ఎంత కట్టామో రాస్తాం, ఇంకా ఎంత బాకీ ఉందో రాయడానికి గడి లేదు. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నదిగా వినిపిస్తుంది, చక్రవడ్డీ లెక్కన అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే పుస్తకం చక్కగా కనబడుతూనే బాకీ తడిసి మోపెడవుతుంది. బాకీ ఉన్నవాళ్లు ప్రతి పేజీ మూలా ఎర్ర ఇంకుతో మిగిలిన బాకీ రాసుకోవడం మంచిది.

ఇంకోటి, ఇద్దరున్న ఇంట్లో ఇది పోలీసు డైరీ అయిపోయే ప్రమాదం ఉంది. "ఇదెందుకు కొన్నావ్?" అనే ప్రశ్న మొదలైతే రెండోవాళ్లు రాయడం మానేస్తారు, ఆపైన లెక్కకి విలువుండదు. చెరికాస్త 'సొంత ఖర్చు' అని ఒక్క వరుసలో రాసి, లోపలి వివరం అడక్కూడదని పెట్టుకున్నాం. ఆ మొత్తం చిన్నదే, కానీ అది లేకపోతే ఈ పుస్తకం మా ఇంట్లో మూన్నాళ్ల ముచ్చటే అయ్యేది.

అవసరాలకే ఆదాయం చాలని ఇంటికి ఏ పుస్తకమూ డబ్బు పుట్టించదు. ఎంత తక్కువ పడుతోందో చూపిస్తుంది, అంతే. తగ్గించుకో అని అలాంటివాళ్లకు సలహా చెప్పడం నాకు నచ్చదు.

నెలనెలా ఆదాయం మారేవాళ్లకు యథాతథంగా ఇది కుదరదు. గడిచిన ఏడాదిలో అతి తక్కువ వచ్చిన నెలనే ఆదాయంగా రాసుకుని, పైన వచ్చినదాన్ని ముందుగా చివరి పేజీ ఖాతాలోకి పంపితే వాళ్లకీ పనికొస్తుంది.