పాత రేసింగ్ సైకిల్‌కు టీబీ14 రిమ్ములు
1970, 80 దశకాల ఇటలీ రేసింగ్ సైకిల్ సన్నని ఉక్కు ఫ్రేముకు లోతైన నల్లటి కార్బన్ చక్రాలు బిగిస్తే, పట్టుపంచె మీద టీషర్టు తొడిగినట్టే ఉంటుంది. ఆ కాలానికి తగినవి పెట్టె ఆకారపు వెండిరంగు అల్యూమినియం రిమ్ములు. వాటిలో పేరుపొందిన, ఫ్రాన్స్ సంస్థ మావిక్ వారి ఎంఏ2 రిమ్ము తయారీ ఎప్పుడో ఆగిపోయింది కనుక, ఆ లోటును తీర్చగలిగినది హెచ్ ప్లస్ సన్ అనే సంస్థ వారి టీబీ14 రిమ్ము అని నా అభిప్రాయం. లోతు 14 మిల్లీమీటర్లే కావడంతో ఫ్రేముతో చక్కగా కలిసిపోతుంది. మెరుపు మాత్రం పాతవాటికన్నా కాస్త ఎక్కువే. వెడల్పు 23 మిల్లీమీటర్లు ఉన్నందున, 28 మిల్లీమీటర్ల టైరు వేసేముందు ఫ్రేములోనూ బ్రేకుల మధ్యా ఖాళీ చూసుకోవాలి.

36 రంధ్రాల రిమ్ము కూడా ఉండటం పెద్ద సౌలభ్యం: ఇటలీ సంస్థ కాంపాగ్నోలో వారి పాత 36 రంధ్రాల రికార్డ్ హబ్‌లకు (చక్రం నడిమి భాగాలకు) గ్రీజు మార్చి, ఒక్కో స్పోకు మరో మూడింటిని దాటేలా అల్లించుకోవచ్చు. అయిదు గేర్ల ఫ్రేముకు 120, ఆరు గేర్లదానికి 126 మిల్లీమీటర్ల వెనుక హబ్ సరిపోతుంది. 130 మిల్లీమీటర్ల కొత్త హబ్‌ను బలవంతంగా ఇరికించడం నేను సమర్థించను. 27 అంగుళాల చక్రాలున్న సైకిలైతే, టీబీ14 వాటికన్నా కాస్త చిన్న (700సి) కొలతది కనుక, బ్రేకు ప్యాడ్లు మరో 4 మిల్లీమీటర్లు కిందికి దిగగలవో లేదో ముందే కొలుచుకోవాలి.