62 వేల కిలోమీటర్లు, పన్నెండు ఆయిల్ ఫిల్టర్లు: నా వి-స్ట్రోమ్ 650కి ఏది కుదిరింది, ఏది కుదరలేదు

ఈ సుజుకి టూరింగ్ బైకు కొత్తగా తీసుకున్నప్పటి నుంచి ఇప్పటిదాకా 62 వేల కిలోమీటర్లు తిరిగింది, పన్నెండు ఆయిల్ ఫిల్టర్లు మారాయి. మొదటి రెండూ సర్వీసులో వాళ్లే వేశారు, మిగతా పదీ నేనే వేసుకున్నాను. సుజుకి కంపెనీవే ఐదు, హైఫ్లోఫిల్ట్రో వాళ్ల హెచ్‌ఎఫ్138 నాలుగు, నెత్తిన నట్టు ఉన్నవి రెండు, కారు ఫిల్టర్ ఒకటి. ఆ చివరిది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, దాని సంగతి కింద చెప్తాను.

ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా: సుజుకి పార్టు 16510-07జె00 కానీ, దానికి బదులుగా వచ్చే మామూలు హెచ్‌ఎఫ్138 కానీ కళ్లు మూసుకుని వేసుకోవచ్చు, రెండిటి మధ్యా నడకలో నాకు తేడా ఏమీ కనబడలేదు. నట్టు ఉన్నది విప్పడానికి హాయి, కానీ నన్ను ఒకసారి ఇబ్బంది పెట్టింది. కారు ఫిల్టర్ జోలికి పోవద్దు.

నేను చేసిన మొదటి తప్పు ఫిల్టర్ ఎంపికలో కాదు, పాతది విప్పడంలో. 12 వేల దగ్గర మొదటిసారి సొంతంగా ఆయిల్ మార్చుదామని కూర్చున్నా. ఈ బండికి ఫిల్టర్ ఇంజిన్ ముందువైపు, ఎగ్జాస్ట్ పైపు పక్కనే ఉంటుంది, చెయ్యి దూరుతుంది కానీ పానా తిప్పే జాగా ఉండదు. సర్వీసులో ఎవరో పుణ్యాత్ముడు దాన్ని బిగించిన బిగింపుకి బెల్టు పానా జారిపోయింది, చెయ్యి పైపుకి కొట్టుకుంది, చివరికి గరుకు కాగితం చుట్టి దాని మీద బెల్టు వేసి తిప్పితే గానీ కదల్లేదు. అది ఊడొచ్చిన ఆనందంలో కింద చూసుకోలేదు. పాత గాస్కెట్, అంటే ఆ రబ్బరు రింగు, ఫిల్టర్‌తో పాటు రాకుండా ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది. నల్లటి ఆయిల్ తడిలో నల్లటి రింగు ఎలా కనిపిస్తుంది! దాని మీదే కొత్తది బిగించేశా. స్టార్ట్ చేశాక అర నిమిషం బాగానే ఉంది, కొంచెం రేజ్ చేయగానే రింగు మీద రింగు జారి ఒక్కసారిగా చిమ్మింది. ముందు చక్రం, పైపు, నా చొక్కా, అన్నీ ఆయిల్. వేడి పైపు మీద పడ్డ ఆయిల్ వాసన రెండు వారాల పాటు వదల్లేదు. అప్పటి నుంచి పాత ఫిల్టర్ చేతికి రాగానే దాన్ని తిప్పి, రింగు ఉందా లేదా అని వేలితో తడిమి చూశాకే తరవాతి పని.

ఆ బిగింపు అనుభవం వల్లే 18 వేల దగ్గర నట్టు ఉన్న ఫిల్టర్ తెచ్చుకున్నా. డబ్బా నెత్తిన 17 మిల్లీమీటర్ల నట్టు వెల్డ్ చేసి ఉంటుంది, మామూలు సాకెట్ వేసి విప్పేసుకోవచ్చు, బెల్టు గోల లేదు. దారిలో ఎక్కడైనా విప్పాల్సి వస్తే దీన్ని మించింది లేదు, నిజమే. మొదటిది ఏ పేచీ లేకుండా ఆరు వేలు నడిచింది. రెండోది వేసిన మూడు వేలకి ఇంజిన్ కింది భాగం చెమట పట్టినట్టు కనిపించడం మొదలైంది. చుక్క కింద పడదు, ఆయిల్ మట్టం తగ్గినట్టు తెలియదు, కానీ తుడిచిన మర్నాటికి మళ్లీ జిడ్డు. గాస్కెట్ దగ్గరే అనుకుని కొంచెం బిగించా, లాభం లేదు. చివరికి పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరాక డబ్బా అంతా టాల్కం పౌడర్ చల్లి, పది నిమిషాలు ఇంజిన్ నడిపి చూస్తే నట్టు మొదట్లో, వెల్డ్ దగ్గర, సన్నగా వెంట్రుకంత గీత తడిసి నల్లబడింది. గాస్కెట్ చుట్టూ పౌడర్ తెల్లగా అలాగే ఉంది.

ఇది ఆ ఫిల్టర్ చేసినవాళ్ల తప్పా, నా తప్పా అంటే నిజాయితీగా సగం సగం అనే చెప్తాను. ఆ నట్టు విప్పడానికి, బిగించడానికి కాదు. నేను దాన్ని పట్టుకునే రాట్చెట్‌తో బిగించా, రెండోసారి కొంచెం ధారాళంగానే. పల్చటి రేకు నెత్తిన పెద్ద పానా బలం పడితే వెల్డ్ ఎంత ఓర్చుకుంటుంది? అయినా మొదటిదాన్నీ అలాగే బిగించా కదా, దానికేం కాలేదు, అందుకే సగం వాళ్ల ఖాతాలో వేశా. టూరింగ్ బండికి ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఫిల్టర్ ముందుంది, గాలి వెనక్కి కొడుతుంది, కారేదంతా చేరేది వెనక టైరుకే.

ఇప్పుడు కారు ఫిల్టర్ కథ. 30 వేల దగ్గర సుదూర ప్రయాణం ముందు నా దగ్గర కొత్త ఫిల్టర్ లేదు, చుట్టుపక్కల దొరకలేదు. ఇంకొకరి దగ్గర కారుకి తెచ్చి పెట్టుకున్నది ఉంది. త్రెడ్, అంటే మరచుట్లు, చూస్తే ఎమ్20 × 1.5 (20 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకీ చుట్టుకీ 1.5 మిల్లీమీటర్ల దూరం), నాదీ అదే. జపాన్ బైకుల్లో చాలావాటిదీ, కొన్ని జపాన్ కార్లదీ ఇదే కొలత. చేత్తో తిప్పితే వెన్నలా ఎక్కింది. పైగా కాస్త పొడుగ్గా ఉంది, లోపల కాగితం ఎక్కువ, ఇంకా మంచిదేగా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా.

త్రెడ్ ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదని తెలియడానికి తొమ్మిది వందల కిలోమీటర్లు పట్టింది. దాని గాస్కెట్ నాది కంటే చుట్టుకొలతలో పెద్దది. ఇంజిన్ మీద ఫిల్టర్ కూర్చునే చోట నున్నగా చెక్కిన గుండ్రటి తలం ఉంటుంది, గాస్కెట్ వెడల్పు మొత్తం దాని మీదే ఆనాలి. ఈ కారు ఫిల్టర్‌ది బయటి అంచున సగమే ఆనింది. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు మామూలుగా ఆరే దానికన్నా రెండు మూడు సెకన్లు ఎక్కువ వెలిగేది, లోపల టకటకమని చప్పుడు. ఇంజిన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వు ఒకటి లోపల ఉంటుంది, చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల వెనక రంగు రబ్బరు కనిపిస్తుందే, అదే. మన ఫిల్టర్ పడుకున్నట్టు ఉంటుంది కాబట్టి ఆ వాల్వు సరిగా మూసుకోకపోతే రాత్రికి రాత్రే ఖాళీ అవుతుంది, పొద్దున పంపు మొదట ఫిల్టర్ నింపి ఆ తరవాతే బేరింగుల దాకా వెళ్లాలి. దీనికి తోడు పొడుగు ఎక్కువ కావడంతో డబ్బా కింది రక్షణ ప్లేటు అంచు దాటి బయటికి వచ్చింది. కంకర రోడ్డు మీద ముందు చక్రం లేపిన రాయి ఒకటి తగిలి బొటనవేలి గోరంత సొట్ట పడింది. అది సొట్టతో ఆగింది, చిల్లు పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తేనే టెన్షన్. మర్నాడే తీసేసి హెచ్‌ఎఫ్138 వేశా.

త్రెడ్ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది, ఇది నాకు జరగలేదు కానీ వేరే బండి ఉన్నవాళ్లు చదువుతారు కాబట్టి చెప్తున్నా. చాలా హార్లే బళ్లకి వచ్చే త్రెడ్ ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. అలాంటి స్టడ్డు (ఫిల్టర్ ఎక్కే మరచుట్ల గొట్టం) మీదికి 20 మిల్లీమీటర్ల ఫిల్టర్ తిప్పితే అది లూజుగా ఎక్కుతుంది, చుట్టు చుట్టుకీ దూరం కూడా దాదాపు ఒకటేలా అనిపిస్తుంది (1.5కి బదులు 1.59), గాస్కెట్ ఆనగానే బిగిసినట్టే ఉంటుంది. కానీ పట్టు మాత్రం అంచుల మీదే. ఆయిల్ ప్రెషర్ పెరిగినప్పుడు ఊడి పడొచ్చు. ఎక్కేటప్పుడు ఏ కాస్త వదులుగా ఊగినట్టు అనిపించినా ఆపేసి నంబరు సరిచూసుకోవాలి.

కొలతల్లో బయటికి కనపడనిది బైపాస్ వాల్వు. ఫిల్టర్ నిండిపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా, శుభ్రంగా లేకున్నా పర్లేదు ముందు ఆయిల్ వెళ్లనీ అని దారి ఇచ్చేది అదే. ఎంత ప్రెషర్ దగ్గర తెరుచుకోవాలన్నది ఇంజిన్ని బట్టి ఉంటుంది, కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వు ఫిల్టర్‌లో కాకుండా ఇంజిన్ లోపలే ఉంటుంది. డబ్బా పైన ఏమీ రాసి ఉండదు, చూపుకి తెలియదు. ఇందుకే నేను ఇప్పుడు త్రెడ్, ఎత్తు కొలుచుకుని 'సరిపోతుందిలే' అనడం మానేసి, మా బండి మోడల్, సంవత్సరం పేరు మీద ఫలానా నంబరు అని ఆ ఫిల్టర్ కంపెనీ జాబితాలో ఉంటేనే కొంటున్నా. ఒక చిక్కు: మాన్యువల్‌లోనో పాత డబ్బా మీదో ఉన్న పార్టు నంబరు ఇప్పుడు దొరకకపోవచ్చు, కంపెనీలు పాత నంబరు ఆపేసి కొత్తది ఇస్తుంటాయి. నంబరు వేరేగా ఉందని నకిలీ అనుకోనక్కర్లేదు, పాత నంబరు స్థానంలో ఏది వచ్చిందో చూసుకుంటే సరిపోతుంది.

వాడేసిన నాలుగు రకాల్నీ కోసి చూశా. మొదటిదాన్ని హాక్సా బ్లేడుతో కోసి, లోపల కనబడ్డ ఇనప పొడి చూసి ఇంజిన్ పోయిందని ఒక రాత్రంతా నిద్రపోలేదు, ఆ పొడి బ్లేడుదే అని తెల్లారాక వెలిగింది. మీరు కోస్తే డబ్బా అంచు తెరిచే కట్టర్ లాంటిది వాడండి. కంపెనీదీ, హెచ్‌ఎఫ్138దీ లోపల కాగితం మడతలు సమానంగా, జిగురు అతుకు గట్టిగా ఉన్నాయి. నట్టు ఉన్నదానిలోనూ కాగితం బాగానే ఉంది, దాని రోగమంతా వెల్డ్‌దే. కారుదానిలో ఒకపక్క మడతలు ఒకదాన్నొకటి అతుక్కుపోయి గుత్తిలా ఉన్నాయి, వాల్వు రబ్బరు గోరుతో నొక్కితే గట్టిగా, అట్టలా తగిలింది. మన బళ్లలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి క్లచ్ పొడి కూడా ఫిల్టర్‌కే చేరుతుంది, మడతల్లో బూడిదరంగు మెత్తటి మడ్డి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. మెరిసే రేకు ముక్కలు ఉంటే అది వేరే సంగతి.

బిగింపు గురించి అందరూ కొట్టుకుంటారు. చాలా ఫిల్టర్ డబ్బాల మీద గాస్కెట్ ఆనాక ముప్పావు చుట్టు అని ఉంటుంది, సుజుకి మాత్రం రెండు చుట్లు లేదా 20 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) అంటుంది. మొదటిసారి రెండు చుట్లు చదివి అచ్చుతప్పు అనుకున్నా. కాదు. గాస్కెట్‌కి కొత్త ఆయిల్ రాసి, ఆనిన చోట డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టి తిప్పితే రెండు చుట్లకి దగ్గర దగ్గర ఆ టార్కే వస్తుంది. గాస్కెట్ ఆనిన క్షణం ఏదో సరిగ్గా పట్టుకోవడమే కష్టం, అక్కడ సగం చుట్టు అటూ ఇటూ అవుతుంది, అందుకే ఇప్పుడు టార్క్ పానానే నమ్ముతున్నా. కప్పు పానా (ఫిల్టర్ నెత్తిన టోపీలా కూర్చునేది) కొనేటప్పుడు మీ ఫిల్టర్ చేత్తో పట్టుకెళ్లండి, పలకల లెక్క ఒకటే అయినా వ్యాసంలో ఒక మిల్లీమీటరు తేడా ఉంటే జారుతుంది, నా దగ్గర అలా పనికిరానిది ఒకటి పడి ఉంది.

కొత్త ఫిల్టర్ ఏదైనా నమ్మకం లేకపోతే ఇలా చేయండి: గాస్కెట్‌కి పల్చగా గ్రీజు రాసి, చేత్తో ఆనేదాకా తిప్పి మళ్లీ విప్పేయండి. ఇంజిన్ మీద గ్రీజు గుండ్రం పడుతుంది. అది నున్నటి తలం మధ్యలో పూర్తిగా ఉంటే సరే, అంచు దాటినా ఎక్కడైనా తెగినా వద్దు. ఒక్క నిమిషం పని. ఆ రోజు నేను ఇది చేసి ఉంటే ఆ తొమ్మిది వందల కిలోమీటర్లు ప్రశాంతంగా తిరిగేవాణ్ణి.

54 వేలకీ, 60 వేలకీ మళ్లీ కంపెనీదే వేశా, హెచ్‌ఎఫ్138 మీద ఫిర్యాదేమీ లేదు, ఆ సమయానికి చేతికి దొరికింది కంపెనీదే, అంతే. ఇంకో హెచ్‌ఎఫ్138 సీలు తీయకుండా పక్క పెట్టెలో ప్రయాణాలకి వస్తూనే ఉంటుంది, దానితో పాటు ఒక డ్రెయిన్ బోల్ట్ వాషర్. సొట్ట పడ్డ కారు ఫిల్టర్ సగాలు మాత్రం పారేయలేదు, పనిముట్ల బల్ల మీద పెట్టుకున్నా. 'త్రెడ్ ఒకటేగా, ఏదైతే ఏం?' అని ఎవరైనా అడిగితే ముందు దాన్ని వాళ్ల చేతిలో పెడతా.