కొల్హాపూర్‌లో చెప్పులు కుట్టించుకున్న నాలుగు రోజులు

మా నాన్నగారి పాదం ముందువైపు బాగా వెడల్పు. దుకాణాల్లో కొన్న ఏ జోడైనా వారం తిరిగేలోపు చిటికెన వేలి పక్కన కరుస్తుంది. మా తాతగారు తొడిగిన కిర్రుచెప్పులు ఆయనకు ఇంకా గుర్తు. వీధి మలుపులో ఆ చప్పుడు వినగానే పిల్లలంతా అల్లరి మాని అరుగు మీద కుదురుగా కూర్చునేవారట. అటువంటి జోడు మా కడప చుట్టుపక్కల కుట్టేవారు ఇప్పుడు కనబడకపోవడంతో, డెబ్బై రెండేళ్ళ వయసున్న ఆయనను వెంటబెట్టుకుని మొన్న ఫిబ్రవరిలో మహారాష్ట్రలో తోలు చెప్పులకు పేరున్న కొల్హాపూర్ వెళ్ళాను.

తిరుపతి నుంచి బయలుదేరే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ కడప, గుంతకల్లు, హుబ్బళ్ళి, బెళగావి, మిరజ్ మీదుగా నేరుగా కొల్హాపూర్ చేరుతుంది. బండి మారే అవసరం లేదు కాబట్టి పెద్దవాళ్ళతో ప్రయాణానికి ఇదే అనువు. అలిగి వైకుంఠం విడిచిన లక్ష్మీదేవి కొల్హాపూర్‌లో నిలిచిందన్న కథ మనకందరికీ తెలిసినదే. నవరాత్రులకు తిరుమల నుంచి అమ్మవారికి పట్టుచీర వెళ్ళే ఆనవాయితీ కూడా ఉండటం వల్ల ఈ బండిలో తెలుగు యాత్రికులు ఎప్పుడూ కనిపిస్తారు. వారిలో చాలామంది దర్శనం చేసుకుని, గుడి దగ్గరే ఒక జోడు చెప్పులు కొని తిరుగు బండి ఎక్కుతారు. మేమూ మొదట అదే పొరపాటు చేశాము.

దిగిన రోజు గుడికి దగ్గరగా, మహాద్వార్ రోడ్డు పక్క సందులో ఒక లాడ్జిలో గది తీసుకున్నాము. అద్దె రోజుకు 1,400 రూపాయలు. గుడికీ బజారుకూ నడిచిపోవచ్చు. దానికి మించి ఆ గదిలో చెప్పుకోదగ్గ సౌకర్యం లేదు. లిఫ్టు లేని మూడో అంతస్తు, ఉదయం రెండు గంటలు మాత్రమే వచ్చే వేడినీళ్ళు, శుక్రవారం తెల్లవారకముందే మొదలైన భక్తుల సందడి కలిసి, మోకాళ్ళ నొప్పి ఉన్న నాన్నగారిని బాగా అలసిపోయేలా చేశాయి. మూడో రోజు స్టేషన్ వైపున్న మరో హోటలుకు మారాము. అక్కడ అద్దె 2,100 రూపాయలైనా లిఫ్టు ఉంది, నిశ్శబ్దం ఉంది, అడిగిన వెంటనే మందులకు గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఇచ్చిన మనుషులూ ఉన్నారు. పెద్దవాళ్ళు వెంట ఉంటే మొదటి నుంచీ అటువైపే దిగడం మంచిది. గుడికి ఆటోలో పోయి రావచ్చు. భోజనాల విషయంలో రాయలసీమ నాలుకకు ఇబ్బంది ఏమీ లేదు. ఎర్రటి తాంబడా రస్సా, తెల్లటి పాంఢరా రస్సా అనే పులుసులు రెండూ మటన్ థాలీతో వడ్డిస్తారు. నాన్నగారు తెల్లదానినే మళ్ళీ మళ్ళీ అడిగారు.

ఇక చెప్పుల సంగతి. వరుసగా చెప్పుల దుకాణాలే ఉన్న చప్పల్ లైన్‌లో మొదటి సాయంత్రమే నేను ఒక జోడు కొన్నాను. అంతా తోలేనని దుకాణదారు నమ్మకంగా చెప్పారు. మరునాడు గుడి చుట్టూ తిరిగి వచ్చేసరికి మడమ దగ్గర అట్ట (చెప్పు అడుగుభాగం) పొరలు విడిపోయి, మధ్యలో నొక్కిపెట్టిన కాగితపు అట్ట బయటపడింది. తిరిగి తీసుకువెళితే, వాడిన సరుకు మార్చరన్నారు. ఆ వీధిలో మంచి సరుకు లేదని నేను అనను. చూసి ఎంచుకోవడం తెలియకుండా అక్కడికి వెళ్ళకూడదని మాత్రం గట్టిగా చెబుతాను.

ఆ చూడటం ఎలాగో నేర్పినది, హోటలు వారు చెప్పగా వెళ్ళిన ఒక చిన్న పనిశాల. చెప్పులు కుట్టే కుటుంబాలు ఎక్కువగా ఉండే సుభాష్ నగర్‌లో, ఒక ఇంటి ముందు గదిలో, భార్యాభర్తలూ కోడలూ కలిసి నడుపుతున్నారు. ఆ ఇంటి పెద్ద నన్ను మొదట అడిగిన మాట, నేను కొన్న జోడును చూపించమని. తోలు కోసే రంపెతో దాని అంచును చిన్నగా కోసి చూపించారు. చెట్టు బెరడుతో పదును పెట్టిన (అంటే పచ్చితోలు కుళ్ళకుండా ఊరవేసి సిద్ధం చేసిన) తోలు లోపలి దాకా ఒకే గోధుమ రంగులో ఉంటుందట. క్రోమియం లవణాలతో చేసిన తోలు అడ్డంగా కోస్తే మధ్యలో నీలి బూడిద రంగు కనబడుతుంది. అసలైన కొల్హాపురి చెప్పులో అట్టకు మేకులు ఉండవు, తోలు దారంతోనే కుడతారు. ఈ రెండూ చూసుకుంటే సగం మోసం తప్పుతుంది.

పదును పెట్టే పని ఆ ఇంట్లో జరగదు. తోలు సిద్ధమై వస్తుంది. అయినా ఆయన ఆ పద్ధతి ఓపికగా చెప్పారు. పచ్చితోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు తీసి, నల్లతుమ్మ బెరడు, కరక్కాయలు వేసిన కషాయంలో ఊరవేస్తారు. ఆ తరువాత తోలునే సంచిలా కుట్టి, లోపల బెరడూ కషాయమూ నింపి వేలాడదీస్తారు. బొట్లుగా కారిన నీటిని మళ్ళీ పైనుంచి పోస్తూ ఉంటే పదును లోపలి పొర దాకా దిగుతుంది. మొత్తం మీద నెల రోజుల పని. మన ఊళ్ళ లందల్లో (తోలు ఊరవేసే తొట్లలో) తంగేడు చెక్కతో, కరక్కాయతో జరిగినదీ ఇదే విద్య. ఆయన చేతిలోని పనిముట్లను ఆరీ, రాపీ అంటున్నప్పుడు, మా ఊరివారు వాటినే ఆరె, రంపె అనేవారని నాన్నగారు చెప్పారు. అక్కడి నుంచి వారిద్దరికీ నా హిందీ అవసరం తగ్గిపోయింది.

కొలత తీసుకోవడానికి పట్టిన సమయం నన్ను ఆశ్చర్యపరిచింది. నాన్నగారిని నిలబెట్టి, కాగితం మీద రెండు పాదాల చుట్టూ పెన్సిలు గీసి, పాదం ఎత్తును తోలు పట్టీతో చుట్టి చూసి, నడిపించి, మళ్ళీ గీశారు. ఎడమ పాదం కుడిదానికంటే కొంచెం పెద్దదని డెబ్బై రెండేళ్ళ తరువాత మాకు తెలిసింది. అట్టకు గేదె తోలు, పై వార్లకు మేక తోలు. పక్కలకు అతికే చెవుల వంటి భాగాలను అక్కడ కాన్ అంటారు, నడుమ అల్లికను వేణి అంటారు. ఆ వేణిని కోడలు సన్నని తోలు పోగులతో జడలాగా అల్లుతుంటే, ఒక్క పోగు వదులైనా విప్పి మళ్ళీ మొదలుపెట్టడం చూశాను. చెప్పుల మీద పేరు ఎవరిదైనా కన్ను పాడుచేసుకునే పని ఆడవాళ్ళదే. దీని ధర అడిగేటప్పుడు ఆ గంటలను లెక్కలో వేసుకోవాలి. రెండు జతలకు కలిపి 4,600 రూపాయలు చెప్పారు, మేము బేరమాడలేదు.

కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మహారాష్ట్రలో కొల్హాపూర్, సాంగ్లీ, సాతారా, సోలాపూర్, కర్ణాటకలో బెళగావి, ధార్వాడ, బాగల్‌కోట, విజయపుర, ఈ ఎనిమిది జిల్లాలూ దాని పరిధిలో ఉన్నాయి. 2025 జూన్‌లో మిలాన్ ప్రదర్శనలో ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా ఇటువంటి చెప్పులనే కొల్హాపూర్ పేరెత్తకుండా చూపించడం, అభ్యంతరాలు వచ్చాక భారతీయ హస్తకళే తమకు ప్రేరణ అని ఒప్పుకోవడం అందరికీ తెలిసినవే. ఆ తరువాత దారి అడిగి వచ్చేవారు పెరిగారని, అయితే ఎక్కువమంది ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారని ఆ కుటుంబం చెప్పింది. తరతరాలుగా అంటరానితనాన్ని భరిస్తూ ఈ పని నిలబెట్టినవారి ఇంటికి వెళ్ళేటప్పుడు, కనీసం ఒక జోడు కుట్టించుకునే ఉద్దేశంతో వెళ్ళడం మర్యాద.

జోడు తయారయ్యేలోగా ఒక రోజు మిరజ్ మీదుగా అథణి వెళ్ళి వచ్చాను. కర్ణాటకలో ఈ పనికి పేరుమోసిన ఊరు అది. టోహోల్డ్ పేరుతో అక్కడి పనివారు, స్వయం సహాయక బృందాల మహిళలు కలిసి నడిచిన తీరు గురించి విని వెళ్ళాను. నేను చూసిన చెప్పులు పలచగా, తేలికగా, రంగురంగులుగా ఉన్నాయి. పట్నంలో రోజూ తొడగడానికి అవే హాయి. కాని బస్సుల్లో పోవడానికీ రావడానికీ దాదాపు పగలంతా పట్టింది. ఒక్క జోడు కోసమైతే ఆ శ్రమ అనవసరం, పని చూడాలన్న ఆసక్తి ఉంటే తప్పక వెళ్ళవచ్చు.

పనిశాలలోనూ లోపాలు లేకపోలేదు. రెండు రోజులన్న పని మూడో రోజు రాత్రికి పూర్తయింది. రసీదు అడిగితే చిన్న చీటీ మీద రాసి ఇచ్చారు. నాన్నగారి ఎడమ చెప్పుకు బొటనవేలు దూర్చే ఉంగటం బిగుతుగా ఉంటే, కొంచెం తడిపి చెక్క అచ్చుకు రాత్రంతా ఎక్కించి, పొద్దున్నే హోటలుకు తెచ్చి తొడిగించి చూశారు. అందుకు డబ్బు తీసుకోలేదు. తిరుగు బండికి టికెట్టు తీసుకునే ముందు ఒక రోజు అదనంగా ఉంచుకోండి. వర్షాకాలంలో తోలు ఆరదు, తడిస్తే ఉబ్బి ఆకారం తప్పుతుంది. సంక్రాంతి తరువాత నుంచి ఎండలు ముదరకముందు వరకు వెళ్ళడం మేలు.

మొదటి వారం ఇంట్లోనే రోజుకు గంట చొప్పున తొడగమని, రాత్రిళ్ళు వార్లకు కొబ్బరినూనె రాయమని చెప్పారు. అలాగే చేస్తున్నాము. నాన్నగారు కోరిన కిర్రు చప్పుడు కోసం అట్ట పొరల మధ్య ఎండిన గింజ ఒకటి పెట్టి కుట్టారు. ఇప్పుడు ఎడమ చెప్పు కుడిదానికంటే గట్టిగా మోగుతోంది. కొరియరులో పంపితే సరిచేసి పంపిస్తామని అక్కడివారు ఫోనులో చెప్పారు గాని, అది తన కాలి నుంచి దిగేది లేదని నాన్నగారు అంటున్నారు.