సర్వపిండికి ఇండాలియం సర్వ: ఏది కొనాలి, ఎక్కడ తంటా

బియ్యప్పిండి ముద్దను గిన్నె లోపల పల్చగా ఒత్తి కాల్చే తెలంగాణ రొట్టెకు కొన్నిచోట్ల గిన్నప్ప అని పేరు, కొన్నిచోట్ల సర్వపిండి. సర్వ అన్నా గిన్నే, కాబట్టి రెండు పేర్లూ గిన్నెను బట్టి వచ్చినవే. అయినా చాలామంది పిండి మీద పెట్టిన శ్రద్ధ గిన్నె మీద పెట్టరు. అడుగు మాడి అంచులు పచ్చిగా మిగిలితే తిట్లన్నీ పిండికే.

ఇక్కడ చూసింది మందపాటి ఇండాలియం (అల్యూమినియం మిశ్రమ లోహం) సర్వ. మూతి 24 సెంటీమీటర్లు, అడుగు గుండ్రం, మందం సుమారు 4 మిల్లీమీటర్లు. పోల్చడానికి ఒక పోత ఇనుప మూకుడు, ఒక నాన్‌స్టిక్ కడాయి. పిండి మూడింటికీ ఒకటే: గిర్నిలో పట్టించిన బియ్యప్పిండి 2 గ్లాసులు, గంట నానిన శనగపప్పు 2 చెంచాలు, నువ్వులు 2 చెంచాలు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, ఎల్లిపాయ జీలకర్ర ముద్ద, ఉల్లిపొరక (ఉల్లికాడలు), కరివేపాకు, ఉప్పు, కారం. ముద్ద చపాతీ పిండి కంటే కాస్త మెత్తగా ఉండాలి. గట్టిగా ఉంటే ఒత్తేటప్పుడే అంచులు పగులుతాయి, జారుగా ఉంటే ఎంతసేపు ఉంచినా కరకరలాడదు. సొరకాయ తురుము వేసేవాళ్ళు ముందు ఉప్పు కలిపి పది నిమిషాలు ఆగాలి. అది వదిలే నీళ్ళు చూశాకే పిండిలో నీళ్ళు పోయాలి.

సర్వపిండిని చల్లని గిన్నెలోనే ఒత్తాలి, కాలిన గిన్నెలో చెయ్యి పెట్టలేం కదా. అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. చల్లని సర్వలో రెండు చెంచాల నూనె రాసి, అడుగు నుంచి సగం గోడల దాకా పల్చగా ఒత్తి, వేలితో ఏడెనిమిది బొక్కలు పెట్టి, ఒక్కోదాంట్లో నూనె చుక్క వేసి మూత పెట్టాలి. మూడు నిమిషాలు మధ్య మంట, తర్వాత ఎనిమిది పది నిమిషాలు సన్నమంట. ఇండాలియంలో వేడి గోడలకు తొందరగా పాకుతుంది కాబట్టి అడుగూ అంచూ దాదాపు ఒకేసారి ఎర్రబడ్డాయి. పోత ఇనుములో వేడి మెల్లగా పాకింది. మంట తగిలిన చోట ముదురు రంగు, గోడల మీద తెలుపు. దోసెకు ముందే కాల్చి పెట్టుకున్నట్టు దీనికి కుదరదు. నాన్‌స్టిక్‌లో అంటుకోలేదు, నూనె కూడా తక్కువే పట్టింది. కానీ సర్వపిండికి కరకరలాడే పొర పలచన, రంగు చప్పన. పైగా స్టీలు గంటె తగిలితే పూత గీసుకుపోతుంది.

రెండో వాయికి గిన్నె మళ్ళీ చల్లారాలి. సర్వను బోర్లించి వీపు మీద నీళ్ళు పోస్తే రెండు నిమిషాల్లో చేతికి వస్తుంది. లోపల తడి తుడిచి నూనె రాయడం మరవొద్దు. వేడి పోత ఇనుము మీద నీళ్ళు పోయకండి, పగిలిపోవచ్చు. నలుగురికి మించి చేసే ఇంట్లో రెండు సర్వలు ఉంటేనే సుఖం.

లోపాలూ ఉన్నాయి. కొత్త సర్వ మొదటి రెండు మూడు వాయిలు అంటుకుంటుంది. నూనె రాసి, సన్నమంట మీద కాల్చి, చల్లార్చి తుడవడం ముందే రెండుసార్లు చేస్తే ఆ బాధ తగ్గుతుంది. సర్వతో వచ్చిన మూత బల్లపరుపు, ఆవిరి నీళ్ళు సరిగ్గా పిండి మధ్యలోనే కారతాయి. పైకి ఉబ్బెత్తుగా ఉన్న మూత వేయండి, లేదా చివరి మూడు నిమిషాలు మూత తీసేయండి. చెవులు కాలుతాయి, గుడ్డ తప్పదు. రివెట్ల దగ్గర జిడ్డు పేరుకుంటుంది. ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం పనిచేయదు. చింతపండు పులుసు ఇందులో నిలవ ఉంచవద్దు.

వరంగల్ చౌరస్తా వైపు సామాన్ల దుకాణాల్లో కొనేటప్పుడు మెరుపు చూడకండి. అంచును వేళ్ళ మధ్య పట్టి మందం చూడండి, తర్వాత అరచెయ్యి చాపి లోపలి గోడకు ఆనించండి. మణికట్టు మూతికి తగులుతుంటే ఆ సర్వ అన్నానికి పనికొస్తుంది, సర్వపిండికి కాదు.