దెబ్బ వేయని ట్యూషన్ కోసం చూస్తున్నవారికి: బ్రాడీపేట మేడంగారి గురించి

గుంటూరులో ట్యూషన్లకు కొదవ లేదు. అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురం, ఏ లైన్లోకి తిరిగినా గేటుకు ఒక బోర్డు కనిపిస్తుంది. నేను చెప్పే చోటికి మాత్రం బోర్డు లేదు. బ్రాడీపేటలో ఒక మేడంగారు తమ ఇంటి పైవాటాలో మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు చెబుతారు. నెలకు 1200 రూపాయలు. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా. ఐదో తరగతి చదువుతున్న మా అబ్బాయి మొన్న జూన్ నుంచి అక్కడికే వెళ్తున్నాడు.

చేర్చే రోజున మా నాన్నగారు కూడా వచ్చారు. ఆయన కాలం వాళ్ళు అనే మాటే అన్నారు: "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడ కొట్టినా మేం అడగం అమ్మా." మేడంగారు మర్యాదగానే, కానీ ఖచ్చితంగా చెప్పారు. "నేను కొట్టనండీ. మీరు కొట్టమన్నా కొట్టను. ఇంకో సంగతి, నేను పంపే మార్కులు చూసి ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటే మరుసటి నెల నుంచి బాబును పంపవద్దు." ఇంట్లో ఎవరు కొడతారు, ఎప్పుడు కొడతారు అని మా ఆవిడను పక్కకు పిలిచి అడిగారు. ఏ బడిలోనూ మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న అది. నాకు ఆ క్షణంలోనే నమ్మకం కుదిరింది.

అంతకుముందు వాడు వేరే ట్యూషన్‌కి వెళ్ళేవాడు. తప్పుకొక దెబ్బ లెక్కన చెక్క స్కేలు నిలువుగా తిప్పి వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. మిగతావాళ్ళకు గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం. ఒక సాయంత్రం వాడి వేళ్ళు వాచి పెన్సిల్ పట్టుకోవడానికి రాకపోతే వెళ్ళి అడిగాను. "బడుల్లో అయితే రూల్స్, ట్యూషన్‌కి ఏ రూలూ లేదు. ఏ పేరెంటూ అడగలేదు, మీకేంటి ఇబ్బంది?" అన్నారు. ఆ రోజే మానిపించేశాం.

నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని. మా కొట్టు వ్యవహారాలు చూసే వకీలుగారిని అడిగితే వివరంగా చెప్పారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లవాణ్ణి కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ట్యూషన్ బడి కాదు కాబట్టి ఆ సెక్షన్ నేరుగా వర్తించకపోవచ్చు. కానీ 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 75వ సెక్షన్ ఉంది. పిల్లవాడు ఎవరి అదుపులో ఉన్నాడో వాళ్ళు అనవసరమైన బాధ కలిగేలా కొడితే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. అంటే "ట్యూషన్‌కి రూల్ లేదు" అన్నది శుద్ధ అబద్ధం. ఇది ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చని కూడా తెలుసుకోవాలి.

ఇప్పుడు చదువు సంగతి. పాత చోట వాడికి భాగహారంలో రోజూ దెబ్బలే. మేడంగారు మొదటి వారం ఏమీ చెప్పకుండా వాడి పాత నోట్సు ముందు వేసుకుని తప్పులన్నీ చూశారు. 612ని 6తో భాగిస్తే వాడు 12 అని రాశాడు. 824ని 8తో భాగిస్తే 13. తప్పులన్నీ ఒక్కటే: మధ్యలో సున్నా పెట్టాల్సిన చోట వదిలేస్తున్నాడు. భాగఫలం పైన వందలు, పదులు, ఒకట్లు అని గళ్ళు గీయించి, పదుల్లో ఒకటిని ఆరు భాగించలేదు కాబట్టి ఆ గడిలో సున్నా వేయాలని చూపించారు. 102 వచ్చింది. కొన్ని రోజుల్లో ఆ తప్పు పోయింది. అన్ని నెలలు అన్ని దెబ్బలు తిన్న పిల్లవాడి నోట్సును ఒక్కరైనా కుదురుగా చూడలేదు కదా అని నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. పైగా దెబ్బల భయంతో వాడు పక్కవాడి జవాబులు చూసి రాసేవాడు. అప్పుడు వాడికి ఏం రాదో ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడు రానిది రాదనే చెబుతున్నాడు. పదికి మూడు వచ్చిన పేపరు కూడా తెచ్చి నా చేతికే ఇస్తున్నాడు.

అల్లరి చేస్తే ఏం చేస్తారు అని అందరూ అడుగుతారు. మావాడు ఒకసారి కంపాస్ బాక్సు విసిరితే ఇంకో పిల్లవాడి చెవికి తగిలింది. మేడంగారు వాణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకుని, దెబ్బ తగిలిన పిల్లవాడికి మంచు ముక్క పెట్టించారు. ఇద్దరి ఇళ్ళకూ ఫోన్ చేశారు. ఆ వారమంతా వాడు అందరూ వెళ్ళాక ఉండి చాపలు మడవాలి. తిట్టు లేదు, అందరి ముందు నిలబెట్టడం లేదు. వాడు ఏడ్చాడు, కానీ మర్నాడు వెళ్ళనని మారాం చేయలేదు.

మా నాన్నగారు ఇంకా ఒప్పుకోరు. "మొక్కై వంగనిది మానై వంగుతుందిట్రా? మా మాస్టారు కోదండం వేయించబట్టే నాకు ఎక్కాలొచ్చాయి" అంటారు. కోదండం అంటే పైనుంచి కట్టిన తాడుకు పిల్లవాణ్ణి వేలాడదీసే పాతకాలపు శిక్ష. ఆయనది పల్నాడులో ఒక ఊరు. మీ క్లాసులో ఎంతమంది హైస్కూలుకు వచ్చారు నాన్నా అని అడిగాను. పేర్లు లెక్క పెట్టుకుంటూ పోయారు. మాస్టారికి జడిసి మిరప చేలల్లో దాక్కుని, చివరికి బడే మానేసినవాళ్ళ పేర్లు ఆయన నోటి నుంచే వచ్చాయి. కాసేపాగి "అయినా భయం ఉండాలిరా" అన్నారు. ఆయనకు మనవడంటే ప్రాణం, అందుకే నేనూ వాదన పెంచలేదు.

దెబ్బలు ఆయన కాలంతోనే పోలేదు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వెలువరించిన అధ్యయనంలో, బడికి వెళ్ళే పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరు బడిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. సర్వే జరిగిన 13 రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఇంట్లో కొట్టడాన్ని పూర్తిగా నిషేధించే చట్టం మన దేశంలో ఇప్పటికీ లేదు. స్వీడన్ 1979లోనే తెచ్చింది. మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా ఆగకుండా మేడంగారు తన దగ్గర చేర్చుకునే ముందే ఆ షరతు పెడుతున్నారు. నాకు నచ్చిందల్లా అదే.

లోపాలూ చెప్పాలి. పన్నెండు మందే బ్యాచ్ కాబట్టి సీటు దొరకడం కష్టం. యాభై మంది ఉన్న క్లాసులో ఒక్క టీచరు ఇలా చేయగలరా అంటే ఆ కష్టం నిజమే, దానికి మేడంగారి దగ్గరా జవాబు లేదు. మెట్లు ఇరుకు, సాయంత్రం దోమలు, బండి పెట్టుకోవడానికి చోటు లేదు. సైన్సు చెప్పరు. ఒలింపియాడ్, ఫౌండేషన్ లాంటివి కావాలంటే ఇది మీకు పనికిరాదు. మార్కులు మెల్లగా పెరుగుతాయి. ఆ ఓపిక లేక, "మేడం మరీ మెత్తన" అని ఇద్దరు పేరెంట్స్ మధ్యలోనే మానిపించేశారు కూడా.

అడ్మిషన్లు జూన్ మొదటి వారంలోనే అయిపోతాయి. శంకర్ విలాస్ సెంటర్ నుంచి నడిచి వెళ్ళవచ్చు. ఏడున్నర తర్వాత వెళ్తే మేడంగారు తీరిగ్గా మాట్లాడతారు. పిల్లవాణ్ణీ, పాత నోట్సులనూ వెంట తీసుకెళ్ళండి, ముందు అడిగేది ఆ రెండింటినే.