పేపర్ ష్రెడర్ రిపేరుకు ఇచ్చేవారికి జాగ్రత్త హెచ్చరిక: సేఫ్టీ స్విచ్చు చూడకుండా డబ్బు కట్టకండి

ఇంట్లోని పేపర్ ష్రెడర్ పాడైతే కొత్తది కొనే బదులు బాగు చేయించుకుందామని ఆలోచిస్తున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. హైదరాబాద్‌లోని ఒక రిపేరు దుకాణం మా ష్రెడర్‌కు మోటారు కాలిపోయిందని చెప్పి, రీవైండింగ్ (మోటారులో తీగ కొత్తగా చుట్టడం) పేరుతో డబ్బు తీసుకుంది. మోటారును ముట్టుకోనైనా ముట్టుకోలేదు. బ్లేడ్ల నుంచి చేతులను కాపాడే సేఫ్టీ స్విచ్చును మాత్రం పక్కకు తప్పించి, దానికి వెళ్లే రెండు తీగలను కలిపేసి యంత్రాన్ని మా చేతికిచ్చింది. యంత్రం చక్కగా తిరుగుతుంది, కాగితం కోస్తుంది, చూసినవారెవరికైనా బాగైందనే అనిపిస్తుంది. అందుకే ఈ సంగతి నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

నాన్నగారి పింఛను కాగితాలు, పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు, ప్రతి పనికీ తీయించి మిగిలిపోయిన ఆధార్ జిరాక్సులు యథాతథంగా చెత్తలో పడటం మాకు ఇష్టం లేదు కాబట్టి ఈ యంత్రాన్ని కొనుక్కున్నాము. కాగితాన్ని నిలువుగానూ అడ్డంగానూ కోసే క్రాస్ కట్ రకం. ఒకనాటి సాయంత్రం కాగితం సగం లోపలికి వెళ్లాక ఆగిపోయింది. ముందున్న లైటు ఆరిపోయింది, మోటారు నుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. వేరే ప్లగ్ పాయింటులో పెట్టి చూశాము, పూర్తిగా చల్లారనిచ్చి చూశాము, బుట్ట మీద పై భాగాన్ని సరిగ్గా కూర్చోబెట్టి చూశాము, ఫలితం లేదు. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వారంటీ అయిపోయిందని, ఆ మోడల్‌కు విడిభాగాలు రావడం లేదని, ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోమని సలహా ఇచ్చారు. బ్లేడ్లు పదునుగా ఉన్న యంత్రాన్ని పారేయడానికి మనసొప్పక రిపేరు దుకాణానికి తీసుకెళ్లాము.

ఆ దుకాణంలో యంత్రాన్ని మా ఎదుట విప్పలేదు. పెట్టి వెళ్లమన్నారు, తర్వాత ఫోన్ చేసి, "మోటారు కాలిపోయింది సార్, రీవైండింగ్ తప్ప దారి లేదు" అన్నారు. చెప్పిన ధర కొత్త యంత్రం ధరలో దాదాపు సగం. ఒప్పుకున్నాము. తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు కౌంటర్ మీదే ఒక కాగితం పెట్టి తిప్పి చూపించారు, అది కచకచా కోసేసింది. చేతికిచ్చిన చిట్టీ మీద "మోటార్ వర్క్" అన్న రెండు మాటలు, మొత్తం సొమ్ము, అంతే. జీఎస్టీ నంబరు లేదు, మార్చిన భాగం పేరు లేదు, పాత తీగచుట్ట అడిగితే స్క్రాప్‌లో పడేశామన్నారు.

తర్వాత ఇంట్లో జరిగింది ఇది. బుట్ట నిండిందని నా భార్య యంత్రం పై భాగాన్ని రెండు చేతులతో ఎత్తింది. కాగితం పెట్టే గాడిలో ఇరుక్కున్న చిన్న ముక్క ఒకటి ఆ కదలికకు, కాగితం వచ్చిందని గుర్తించే సెన్సార్ ముందుకు జరిగింది. స్విచ్చు ఆటోలో (కాగితం తగలగానే దానంతట అదే తిరిగేలా) ఉండటం వల్ల ఎత్తిన చేతుల్లోనే మోటారు తిరగడం మొదలైంది. అడుగున ఏ మూతా లేకుండా బయటికి కనిపించే బ్లేడ్ల రోలర్లు తిరుగుతుండగా, రంగు కాగితం ముక్కల కోసం మా అన్నయ్య కూతురు పక్కనే నిలబడి బుట్ట వైపు చేయి చాచి ఉంది. నేను గోడ దగ్గర ప్లగ్ లాగేశాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ బుట్ట మీద నుంచి ఎత్తగానే కరెంటు తెగిపోవలసిన యంత్రం అలా తిరగడం ఎంత మాత్రం జరగకూడనిది.

మా కాలనీలో మిక్సీలు, ఫ్యాన్లు బాగు చేసే మెకానిక్ ఒకాయన ఉన్నారు. యంత్రాన్ని ఆయన దగ్గరికి తీసుకెళ్లి, నా ముందే విప్పమని అడిగాను. అడుగు పలక తీయగానే లోపల సన్నటి కాగితం పొడి బియ్యప్పిండిలా పేరుకుని ఉంది. మోటారు తీగచుట్టల మీద కూడా అదే పొడి, ఎక్కడా చెదరకుండా, ఏళ్ల తరబడి కూర్చున్నట్టు ఉంది. కొత్తగా రీవైండింగ్ చేసిన మోటారైతే తీగ మెరుస్తుంది, కొత్తగా పోసిన వార్నిష్ కనబడుతుంది, చుట్టలను కట్టిన దారం కొత్తగా ఉంటుంది. ఇక్కడ వీటిలో ఒక్కటీ లేదు. ఆయన మల్టీమీటరు పెట్టి చుట్టలు, మోటారు తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అన్నీ చూసి, "మోటారుకు అసలు ఏం కాలే సార్, ఇది ఎవరూ ముట్టలే" అన్నారు.

ఆ తర్వాత ఒక మూలకు వేలు పెట్టి చూపించారు. అక్కడ అగ్గిపెట్టెలో సగం కూడా లేని నల్లటి మైక్రోస్విచ్చు, దాని మీద విరిగిపోయిన ప్లాస్టిక్ మీట ఉన్నాయి. పై భాగం బుట్ట మీద సరిగ్గా కూర్చున్నప్పుడు బుట్ట అంచున ఉండే చిన్న బొడిపె ఈ మీటను నొక్కుతుంది, అప్పుడే మోటారుకు కరెంటు వెళుతుంది. ఎత్తితే మీట వదులై కరెంటు ఆగిపోతుంది. మీట విరిగింది కాబట్టి యంత్రం తనను ఎవరో బుట్ట మీద నుంచి తీసేశారన్నట్టుగా ఆగిపోయింది. మొదట వచ్చిన లోపం మొత్తం ఇంతే. దుకాణంవాళ్లు ఆ స్విచ్చుకు వెళ్లే తీగలను కత్తిరించి, రెండింటినీ మెలిపెట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశారు. రిపేరు దుకాణాల్లో దీన్ని "డైరెక్ట్ చేయడం" అంటారు. ఫ్రిజ్ లోపలి లైటు స్విచ్చు పాడైతే డైరెక్ట్ చేసినా నష్టం అంతగా ఉండకపోవచ్చు కానీ, ఉక్కు బ్లేడ్లు తిరిగే యంత్రంలో సేఫ్టీ స్విచ్చును డైరెక్ట్ చేయడం ఇంట్లోవారి వేళ్లతో ఆడుకోవడమే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

విరిగిన స్విచ్చు మీద దాని వోల్టేజీ, ఆంపియర్లు, మూడు కాళ్ల దగ్గర ఏ తీగ ఎక్కడ కలపాలో చెప్పే సీ, ఎన్ఓ, ఎన్‌సీ అన్న అక్షరాలు స్పష్టంగా అచ్చై ఉన్నాయి. ఇది ఏ ఒక్క కంపెనీకో పరిమితమైన భాగం కాదు. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు వెనక ఉండేదీ ఇదే జాతి స్విచ్చు. కోఠిలోని గుజరాతీ గల్లీలో అదే కొలత, అదే రేటింగ్, అదే రకం మీట ఉన్నది వంద రూపాయలలోపే దొరికింది. మెకానిక్ దాన్ని బిగించి, లోపలి పొడి అంతా బ్రష్‌తో దులిపి, గేర్లకు గ్రీజు రాసి ఇచ్చారు. కంపెనీ "విడిభాగాలు లేవు" అన్నది, దుకాణం "మోటారు కాలింది" అన్నది ఈ భాగం గురించే.

యంత్రం విప్పినప్పుడు ఇంకొక సంగతి బయటపడింది. దుకాణంవాళ్లు బ్లేడ్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పంపారు, దాని ఘాటు వాసన ఇంకా పోలేదు. ఒత్తిడితో డబ్బాలో నింపిన ఏరోసోల్ స్ప్రేలను ష్రెడర్‌లో గానీ దాని దగ్గర గానీ వాడవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. వాటిలో చాలావాటిలోని వాయువు మండే గుణం కలది, కార్బన్ బ్రష్‌లున్న మోటారులో నిప్పురవ్వలు రావడం సహజం, ఆ పక్కనే ఎండిన కాగితం పొడి ఉంటుంది. బ్లేడ్లకు నూనె పెట్టాలంటే ష్రెడర్ల కోసమే సీసాలో అమ్మే నూనెను ఒక కాగితం మీద గీతలుగా పోసి, ఆ కాగితాన్ని లోపలికి పంపితే చాలు.

మోటారు దగ్గర థర్మల్ కటాఫ్ అనే చిన్న భాగం ఉంటుంది, అది మోటారు వేడెక్కితే కరెంటు ఆపుతుంది. మా యంత్రంలో దుకాణంవాళ్లు దాని జోలికి పోలేదు. కానీ "మాటిమాటికీ ఆగిపోతోంది" అని తెచ్చిన యంత్రాల్లో దాన్ని కూడా డైరెక్ట్ చేసి పంపే దుకాణాలు ఉన్నాయని మా మెకానిక్ చెప్పారు. ఇంటి ష్రెడర్లు ఆగకుండా నడిచేందుకు చేసినవి కావు. చాలా మోడళ్లు కొద్ది నిమిషాలు నడిచాక అరగంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు చల్లారాలి, ఆ లెక్క మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అది ఆగిపోవడం చాలాసార్లు రోగం కాదు, రక్షణ. ఆ రక్షణను తీసేయించుకుని వచ్చామంటే ఇంట్లో నిప్పు పెట్టుకున్నట్టే.

ఇంత జరిగినా ష్రెడర్‌ను బాగు చేయించుకోవడమే సరైనదని నా అభిప్రాయం. యంత్రంలో గట్టిదీ ఖరీదైనదీ బ్లేడ్ల రోలర్ల జత, అది సాధారణంగా తొందరగా పోదు. చాలా కంపెనీలు బ్లేడ్లకు విడిగా ఎక్కువ కాలం వారంటీ ఇవ్వడమూ అందుకే. పోయేవి చుట్టూ ఉండే చిన్న భాగాలు. లైటు వెలగక, చప్పుడు లేక ఉంటే ముందుగా వైరు, ఫ్యూజు, సేఫ్టీ స్విచ్చు అనుమానించాలి. లైటు వెలుగుతుంది కానీ కాగితం పెట్టినా కదలకపోతే గాడిలోని సెన్సార్ మీద పొడి పేరుకుని ఉండవచ్చు. ప్లగ్ తీసి పొడి బ్రష్‌తో తుడిస్తే చాలా వరకు సర్దుకుంటుంది. మోటారు తిరిగే శబ్దం వస్తూ బ్లేడ్లు కదలకపోతే లోపల ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగిపోయి ఉంటాయి. మూలుగుతూ ఆగిపోతే కాగితం ఇరుక్కుంది, రివర్స్‌లో వెనక్కి తీయాలి. నిజంగా మోటారు కాలితే మాడిన వాసన ముక్కుకు కొట్టకుండా ఉండటం అరుదు. ఏ వాసనా రాని యంత్రానికి "మోటారు కాలింది" అన్న మాట వినిపిస్తే, చూపించమని అడిగే హక్కు మీకుంది.

గేరు విషయంలో ఒక మాట. అన్ని మోడళ్లకూ సరిపోతుందని ఆన్‌లైన్‌లో అమ్మే గేర్లను నమ్మి తెప్పించకండి. పళ్ల సంఖ్య, బయటి కొలత, మధ్య రంధ్రం కొలత, మందం అన్నీ పాత దానితో కలిస్తేనే అది పనికొస్తుంది. అలాగే గూగుల్‌లో మొదట కనిపించే "అధీకృత సర్వీస్ సెంటర్" నంబరుకు కాకుండా, యంత్రంతో వచ్చిన పుస్తకం మీదో కంపెనీ సొంత సైటులోనో ఉన్న నంబరుకు మాత్రమే ఫోన్ చేయండి.

దుకాణానికి ఇచ్చే ముందు యంత్రంలో ఇరుక్కున్న కాగితాన్ని ప్లగ్ తీసి బయటికి లాగేయండి, బుట్టలోని ముక్కలను ఇంట్లోనే ఉంచండి. మా యంత్రం ఆగిపోయినప్పుడు గాడిలో సగం బ్యాంకు స్టేట్‌మెంట్ ఖాతా నంబరుతో సహా నిలబడి ఉంది. దాన్ని ముందే తీసేశాము. కాగితం ఎంత చిన్న ముక్కలుగా తెగాలో చెప్పే జర్మన్ ప్రమాణం డిన్ 66399లో పీ-4 స్థాయి అంటే ఒక్కో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు మించకూడదు. పొడవాటి పట్టీలుగా కోసే చవక రకం యంత్రాలు ఆ స్థాయికి చేరవు, వాటి బుట్టలోని పట్టీలను ఓపికతో అతికించడం సాధ్యమే. రహస్యంగా ఉంచాలని కోసిన కాగితాలను రిపేరు పేరుతో మరొకరి చేతికి ఇవ్వకండి.

దుకాణంలో మీ ముందే విప్పమనండి, పాడైన భాగాన్ని చూపించమనండి, అంచనా రాసి ఇవ్వమనండి, మార్చిన పాత భాగాన్ని తిరిగి అడిగి తీసుకోండి. బిల్లు మీద లోపం ఏమిటో, మార్చిన భాగం ఏమిటో ఉండాలి. "మోటార్ వర్క్" లాంటి మాటలతో రాసిన చిట్టీ తర్వాత ఎందుకూ కొరగాదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వాణిజ్య పద్ధతి, చేయని పనికి డబ్బు తీసుకోవడం సేవాలోపం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలలోపు ఉంటే ఫీజు కూడా లేదు. విడిభాగాలు, రిపేరు సమాచారం కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో మీ కంపెనీ ఉందేమో ఒకసారి చూడండి.

కలిపి వదిలేసిన తీగలను, పొడి చెదరని మోటారును, విరిగిన స్విచ్చును మెకానిక్ విప్పుతున్నప్పుడే ఫోటోలు తీసి పెట్టాను. వాటితో 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అది ఇంకా నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, వ్యాఖ్యల్లో దయచేసి అడగవద్దు.

ఇప్పటికే ఎక్కడైనా రిపేరు చేయించిన ష్రెడర్ మీ ఇంట్లో ఉంటే దాన్ని ఇలా పరీక్షించండి. ప్లగ్ తీసి, పై భాగాన్ని బుట్ట మీద నుంచి ఎత్తి, బ్లేడ్లు ఎవరికీ అందకుండా బల్ల మీద పక్కకు పడుకోబెట్టండి. పిల్లలను గదిలోకి రానివ్వకండి. గాడిలో కాగితం ముక్క ఏదీ లేదని చూసి, చేతులు బ్లేడ్లకు దూరంగా ఉంచి, ప్లగ్ పెట్టి గోడ స్విచ్చు వేయండి. ఆటోలో పెట్టినా రివర్స్‌లో పెట్టినా ఏదీ కదలకూడదు. బుట్ట సొరుగులా బయటికి వచ్చే మోడలైతే సొరుగు లాగి ఇదే విధంగా చూడండి. బ్లేడ్లు కదిలితే వెంటనే గోడ స్విచ్చు ఆపి, ప్లగ్ తీసి, కొత్త స్విచ్చు వేయించేదాకా ఆ యంత్రాన్ని పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.