గద్వాల సికో చీర: ఏళ్ల తరబడి కట్టాక

నా పట్టుచీరలు బీరువా దాటేది పండగలకే. ఈ గద్వాల సికో (సిల్కు, కాటన్ కలిపి నేసినది) మాత్రం ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటుంది. బాడీ అంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. మెంతిరంగు చీరకి ఎర్రంచు, దాని మీద జరీ కోటకొమ్మలు. ఎండాకాలం పెళ్లికి పొద్దుటి నుంచి భోజనాల దాకా కట్టుకున్నా ఉక్క అనిపించదు. చూసేవాళ్లకి పట్టుచీరే! కొత్తలో కుచ్చిళ్లు మాట వినవు, కట్టేకొద్దీ నూలు మెత్తబడి దారికొస్తాయి.

పనితనమంతా అంచు దగ్గర ఉంది. బాడీకి ఒక నాడె (అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది), రెండంచులకి రెండు. నూలు పేక, అంటే అడ్డదారం, అంచులోకి పోదు. పట్టు పేకని కలిసిన చోట దాంతో మెలిపడి వెనక్కి తిరుగుతుంది. దాన్నే కుట్టు అంటారు, సూదితో మాత్రం పనిలేదు. పేక పడిన ప్రతిసారీ ఇలా మెలెయ్యాలి. గద్వాలలో నేను చూసిన గుంటమగ్గం మీద భర్త నేస్తుంటే అవతలి అంచు నాడె భార్య అందుకుంటోంది. ఒక్క చీర, ఇద్దరి కూలి. ధర దగ్గర గీచిగీచి బేరమాడేవాళ్లంటే నాకు అందుకే ఒళ్లుమంట. తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకి ఏరువాడ జోడు పంచెలు నేసి పంపేదీ ఈ ఊరివాళ్లే.

చిక్కు కూడా ఆ కుట్టు దగ్గరే. ఉతికితే నూలు ముడుచుకున్నంతగా పట్టు ముడుచుకోదు. దాంతో అంచు వెంబడి సన్నటి ముడతలు. ఇస్త్రీకి కొంత లొంగుతాయి, పూర్తిగా పోవు. నూలుకి గంజి కావాలి, పట్టుకీ జరీకీ అది పడదు. అందుకని డ్రైక్లీనింగ్, ఆపైన ముడతలు పోయేలా రోలర్ మీద సాపు చేసే రోలింగ్. ఈ ఖర్చు కూడా చీర ధరలో కలిపి లెక్కేసుకోండి. ఫాల్ గుడ్డని ముందే నానబెట్టి ఆరేశాకే కుట్టించాలి, లేకపోతే అది కూడా అంచుని లాగేస్తుంది.

ఇన్నేళ్లలో కుట్టు ఒక్కచోట కూడా విడలేదు. జరీ మాత్రం మెరుపు తగ్గింది, మడతల దగ్గర కాస్త నల్లబడింది.

కొనేటప్పుడు చీర తిరగేసి, అంచు మొదలయ్యే చోట వేలు పెట్టి చూడండి. బాడీ పేక అంచులోకి సాగిపోయి ఉంటే ఆ రంగు కలిసి ఎరుపు మసకేస్తుంది. కుట్టు చీరలో ఎరుపు ఎరుపుగానే ఉంటుంది, ఆ గీత మీద చిన్న గట్టితనం వేలికి తగులుతుంది. అది తగలకపోతే గద్వాల ధర ఇవ్వకండి.